స్టాంపు పేపర్‌ను నమ్ముకుని మేనేజ్‌మెంట్ సీటుకు అడ్వాన్సు కట్టకండి

ప్రశ్న: మాది మలక్‌పేట. మా వారూ నేనూ నాలుగేళ్లుగా విడిగా ఉంటున్నాం, కోర్టుకు వెళ్లలేదు. పెద్దమనుషుల ముందు వంద రూపాయల స్టాంపు పేపర్ మీద 'పాప ఇంజినీరింగ్ ఫీజు నేనే కడతాను, ఇక వేరే ఖర్చులేవీ అడగకూడదు' అని రాసి నోటరీ చేయించారు. ఇంటర్ దాకా కట్టారు. ఎప్‌సెట్‌లో ర్యాంకు సరిగ్గా రాలేదు. మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ తీసుకుందామంటే ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. పాపకు మొన్ననే పద్దెనిమిది నిండాయి. ఆ కాగితం చెల్లుతుందా?

జవాబు: అమ్మా, ఆ కాగితం చిత్తుకాగితమేమీ కాదు. కానీ దాన్ని చూపించి ఆయన జీతం నేరుగా అటాచ్ (జప్తు) చేయించలేరు. నోటరీ ముద్ర పడినంత మాత్రాన అది కోర్టు ఉత్తర్వు అయిపోదు. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుని ఇవే షరతులు కోర్టు ఇచ్చే డిక్రీలో రాయించి ఉంటే ఈపీ (దాన్ని అమలు చేయించమనే పిటిషన్) వేసి వసూలు చేసుకునేవారు. ఇప్పుడైతే ముందు కేసు వేయాలి. ఫీజు బాధ్యత తనదేనని ఆయనే ఒప్పుకున్నట్టు చూపడానికి ఆ కాగితం, ఇంటర్ ఫీజు కట్టిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు బాగా పనికొస్తాయి. 'వేరే ఖర్చులు అడగకూడదు' అన్న ముక్కకు భయపడకండి. పిల్ల హక్కును తల్లి రాసిచ్చేస్తే పోదు.

మీరు హిందువులైతే, పెళ్లికాని కూతురికి సొంత ఆదాయం లేనప్పుడు పద్దెనిమిది దాటినా పోషణ అడిగే హక్కు 1956 నాటి దత్తత, పోషణ చట్టం 20వ సెక్షన్‌లో ఉంది. 2020లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అయితే ఇక పిటిషనర్ మీరు కాదు, పాపే. ఆ బాధ్యత తల్లికీ ఉంది కాబట్టి మీ జీతం లెక్క కూడా కోర్టు అడుగుతుంది. దాచకండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

ఇక సీటు సంగతి. కోర్టులో వాయిదాలు పడతాయి, అడ్మిషన్ తేదీలు మన కోసం ఆగవు. పైగా మేనేజ్‌మెంట్ సీటు డొనేషన్‌కు చాలా చోట్ల రసీదు ఇవ్వరు. రసీదు లేని డబ్బును రేపు తండ్రి దగ్గర రాబట్టడం దాదాపు అసాధ్యం. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటు ఫీజు అలా కాదు, అలాట్‌మెంట్ ఆర్డర్‌లోనే అంకె ఉంటుంది, దాన్నే పిటిషన్‌కు జత చేయొచ్చు. సీఎస్‌ఈ అనే టెన్షన్ కాస్త పక్కన పెట్టండి. మంచి కాలేజీలో ఈసీఈ, ఈఈఈ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లినవాళ్లు మాదాపూర్‌లో ఎంతమంది లేరు?

వెబ్ ఆప్షన్లు ఇచ్చేటప్పుడు తండ్రి ఒక్క రూపాయి ఇవ్వకపోయినా మీరు నెట్టుకురాగల కాలేజీలే పెట్టండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉందేమో చూసుకుని, ఆదాయ ధ్రువపత్రానికి ఈ వారమే మీసేవలో దరఖాస్తు పెట్టండి. మిగిలినదానికి విద్యాలక్ష్మి పోర్టల్‌లో లోన్ అడగండి. కో-అప్లికెంట్‌గా మీరొక్కరు చాలు, ఆయన సంతకం కోసం తిరగక్కర్లేదు.