అది క్యాచే, కానీ ఆ రోజు కాదు

(అమెరికన్ ఫుట్‌బాల్‌లో రెఫరీల నిర్ణయాలపై పాఠకుల ప్రశ్నలు. జవాబులిచ్చేది డాలస్ దగ్గర స్కూలు మ్యాచ్‌లకు చారల చొక్కా వేసుకుని లైన్ జడ్జిగా (సైడ్‌లైన్ దగ్గరుండే అఫీషియల్‌గా) నిలబడే మన కాలమ్ రచయిత.)

ప్రశ్న: నేనూ మా బావమరిదీ ఇద్దరం డాలస్ కౌబాయ్స్ అభిమానులమే. కానీ గ్రీన్ బేలో డెజ్ బ్రయంట్ పట్టిన బంతి మాట వస్తే చాలు, ఇంట్లో భోజనాలు చల్లారిపోతాయి. అది క్యాచ్ అని నేను, కాదని వాడు. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ వాళ్లే రూలు మార్చుకున్నారు. అంటే రెఫరీ తప్పు చేశాడని ఒప్పుకున్నట్టే కదా? ఏదో ఒకటి తేల్చండి.
– ఫ్రిస్కో పాఠకుడు

జవాబు: తేలిస్తే మీ ఇద్దరికీ నచ్చదు. ఆ రోజు అమల్లో ఉన్న రూలు ప్రకారం మీ బావమరిది చెప్పిందే నిజం. ఆ రూలు పనికిమాలినదన్న విషయంలో మీరు చెప్పిందే నిజం. ఇవి రెండు వేరు వేరు తగాదాలు. ఒకటే అనుకుని ఇన్నేళ్లుగా అరుచుకుంటున్నారు, అంతే.

ఒకసారి ఆ ఆటలోకి వెళ్దాం. 2015 జనవరి 11, లాంబో ఫీల్డ్. గ్రీన్ బే జట్టు ప్యాకర్స్ 26, కౌబాయ్స్ 21. ఆట ముగియడానికి ఐదు నిమిషాలు కూడా లేదు. నాలుగో డౌన్ (పది యార్డులు ముందుకెళ్లడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో చివరిది), కావలసింది రెండు యార్డులు, బంతి గ్రీన్ బే 32 యార్డుల గీత దగ్గర. ఆ రెండు యార్డులతో సరిపెట్టుకోకుండా కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) టోనీ రోమో దూరంగా పాస్ విసిరాడు. బ్రయంట్ ప్యాకర్స్ ఆటగాడు శామ్ షీల్డ్స్ మీదుగా గాల్లోకి లేచి పట్టాడు. కిందికి దిగుతూ అడుగులు వేశాడు, బంతిని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు, గోల్ లైన్ వైపు చెయ్యి చాచాడు. చేతిలో బంతి నేలకు తగిలి పైకెగిరింది, మళ్లీ పట్టుకున్నాడు. మైదానంలో ఇచ్చిన తీర్పు: క్యాచ్, బంతి 1 యార్డు దగ్గర. ప్యాకర్స్ కోచ్ మైక్ మెకార్తీ ఎర్ర జెండా విసిరి రీప్లే చూడమన్నాడు. రీప్లే చూసి రెఫరీ జీన్ స్టెరటోర్ తీర్పు తిప్పేశాడు. డాలస్‌కు మళ్లీ బంతి దక్కలేదు.

అప్పటి రూలు ఏమిటంటే, బంతి పట్టే క్రమంలోనే నేల మీద పడుతున్న ఆటగాడు, నేలకు తగిలాక కూడా బంతిని వదలకుండా ఉండాలి. మధ్యలో ఎన్ని అడుగులు వేశాడన్నది అనవసరం. స్టెరటోర్ చూసింది అదే: దిగినప్పటినుంచీ పడుతూనే ఉన్నాడు, నేల తగలగానే బంతి కదిలింది. మీరేమో అడుగులు వేశాడు కదా, చెయ్యి చాచాడు కదా అంటారు. స్లో మోషన్‌లో కాకుండా మామూలు వేగంలో చూడండి. అవి పడకుండా ఉండటానికి వేసిన అడుగులు కావు, పడుతూ వేసినవి. నాకు అలాగే కనిపిస్తుంది.

అయితే మీ వాదనలో ఒక్క చోట పస ఉంది, దాన్ని మీరు వాడుకోవడం లేదు. మైదానంలో ఇచ్చింది క్యాచ్. దాన్ని తిప్పాలంటే రీప్లేలో అనుమానానికి తావులేని ఆధారం ఉండాలి. బంతి నేలకు తగిలిందన్నది స్పష్టమే. కానీ ‘పట్టడం ఎప్పుడు పూర్తయింది, పడటం ఎప్పుడు మొదలైంది’ అన్నది కెమెరా తేల్చే విషయం కాదు, మనిషి అంచనా వేసేది. అంచనా మీద తీర్పు తిప్పొచ్చా? ఈసారి భోజనాల దగ్గర ఈ ప్రశ్న వేయండి, మీ బావమరిది కాసేపు ఆలోచనలో పడతాడు.

ఇక రూలు మార్చడం సంగతి. 2010లో షికాగోలో కాల్విన్ జాన్సన్ క్యాచ్ పోయింది, 2017 డిసెంబర్లో పేట్రియట్స్ మీద స్టీలర్స్ ఆటగాడు జెస్సీ జేమ్స్ టచ్‌డౌన్ (బంతిని గోల్ లైన్ దాటించడం) పోయింది. అన్నీ ఈ రూలు దెబ్బకే. వేరు వేరు ఏళ్లలో, వేరు వేరు మైదానాల్లో ఒకే తరహా తీర్పు వస్తోందంటే లోపం రూలు పుస్తకంలో ఉన్నట్టు, రెఫరీల కళ్లలో కాదు. చివరికి 2018 మార్చిలో 32 జట్ల యజమానులూ ఏకగ్రీవంగా ఆ షరతు తీసేశారు. ఇప్పుడైతే బంతి అదుపులో ఉండి, రెండు కాళ్లు లోపల పడి, మూడో అడుగో చెయ్యి చాచడమో జరిగితే చాలు. ఇవాళ అదే ఆట జరిగితే అది క్యాచే. విచిత్రమేమిటంటే, రూలు మారిన కొన్ని వారాలకే కౌబాయ్స్ బ్రయంట్‌ను జట్టులోంచి పంపించేసింది.

అన్నట్టు, దానికి సరిగ్గా వారం ముందు, జనవరి 4న ఆర్లింగ్టన్‌లో డెట్రాయిట్ లయన్స్‌తో మ్యాచ్ గుర్తుందా? డాలస్ మీద పాస్ ఇంటర్‌ఫరెన్స్ (పాస్ పట్టబోయేవాణ్ణి బంతి రాకముందే అడ్డుకోవడం) అని ఫ్లాగ్, అంటే ఫౌల్ చూపే పసుపు గుడ్డ, వేశారు, రెఫరీ మైకులో ప్రకటించాడు కూడా. ఆ తర్వాత ఎందుకో చెప్పకుండానే ఫ్లాగ్ తీసి జేబులో పెట్టుకున్నారు. మనం 24-20తో గెలిచాం. ఆ రాత్రి డాలస్‌లో ఎవరూ రూలు పుస్తకం తెరిచినట్టు నాకు గుర్తులేదు.

ప్రశ్న: డెజ్‌కు కనీసం రీప్లే అయినా చూశారు. మా న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌కు అదీ లేదు. కోట్ల మంది చూసిన ఫౌల్ ఏడుగురు అఫీషియల్స్‌కు కనిపించకపోవడం ఏమిటి? అన్నిటికీ రివ్యూ పెడితే సరిపోదా?
– న్యూ ఆర్లీన్స్‌లో చదువుకుని హ్యూస్టన్‌లో స్థిరపడిన పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ కేసు డెజ్ కేసుకు పూర్తిగా తిరగేసింది. అక్కడ రూలు తప్పు, రెఫరీ ఒప్పు. మీకేమో రూలు బంగారంలా ఉంది, చూడాల్సినవాళ్లు చూడలేదు. దీన్ని సమర్థించడం నావల్ల కాదు.

మిగతా పాఠకుల కోసం: 2019 జనవరి 20, సూపర్‌డోమ్, ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ (గెలిచినవాళ్లు సూపర్ బౌల్‌కు, అంటే లీగ్ ఆఖరి మ్యాచ్‌కు వెళ్తారు). సెయింట్స్, రామ్స్ చెరో 20. రెండు నిమిషాల లోపు ఆట, మూడో డౌన్, బంతి రామ్స్ 13 దగ్గర. సెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ పాస్ తన జట్టు టామీలీ లూయిస్ దాకా రాకముందే రామ్స్ ఆటగాడు నికెల్ రోబీ-కోల్‌మన్ వచ్చి గుద్దేశాడు. ఫ్లాగ్ లేదు. పడి ఉంటే సెయింట్స్‌కు కొత్తగా నాలుగు డౌన్లు, గడియారం కరగదీసి ఆఖర్లో ఫీల్డ్ గోల్ (గోల్ స్తంభాల మధ్యకు తన్ని తెచ్చుకునే మూడు పాయింట్లు) తన్నేస్తే సరిపోయేది. ఫ్లాగ్ పడక అక్కడే ఫీల్డ్ గోల్ కొట్టి 23-20 చేశారు. రామ్స్‌కు టైమ్ మిగిలింది. వాళ్ల కిక్కర్ గ్రెగ్ జూర్లైన్ 48 యార్డుల నుంచి సమం చేసి, ఓవర్‌టైమ్‌లో 57 యార్డుల నుంచి ముగించాడు. గుద్దినవాడు తర్వాత తొందరగా వచ్చేశానని తనే ఒప్పుకున్నాడు. లీగ్ వాళ్లు ఫోన్‌లో తప్పు ఒప్పుకున్నారని మీ కోచ్ షాన్ పేటన్ విలేకరులకు చెప్పాడు. అభిమానులు కోర్టుకు కూడా వెళ్లారు, లూసియానా సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది.

ఏడుగురికీ ఎలా కనిపించలేదంటారా? టీవీ ముందు మనమందరం బంతినే చూస్తాం. మైదానంలో అఫీషియల్‌కు బంతిని చూసే స్వేచ్ఛ లేదు. ఒక్కో డౌన్‌కు ముందు ఎవరు ఎవర్ని చూడాలో పంచుకుంటాం. నా ఆటగాడి చేతుల మీద నా కళ్లుంటాయి, బంతి ఎప్పుడు గాల్లోకి లేచిందో చాలాసార్లు జనం అరుపుతోనే తెలుస్తుంది. అందుకే పాస్ ఇంటర్‌ఫరెన్స్ కష్టం: మనిషి మీద కన్ను, బంతి మీద ధ్యాస, రెండూ ఒకే క్షణంలో కావాలి. ఇది ఎందుకు జరుగుతుందో చెప్పే మాట మాత్రమే. మీ మ్యాచ్‌లో దెబ్బ తగిలింది సైడ్‌లైన్ పక్కన, అక్కడ నిలబడ్డవాళ్ల ఎదురుగానే. కాబట్టి ఈ సంజాయిషీ అక్కడ చెల్లదు.

ఇక అన్నిటికీ రివ్యూ అన్నారు. మీ పుణ్యమా అని అదీ చేసి చూశారు. 2019 సీజన్లో పాస్ ఇంటర్‌ఫరెన్స్‌ను, వేయని ఫ్లాగ్‌ను సైతం, రివ్యూ చేయొచ్చన్నారు. ఏమైంది? కోచ్‌లు ఎర్ర జెండాలు విసరడం, న్యూయార్క్‌లో కూర్చున్నవాళ్లు చూసి ‘తీర్పు మార్చం’ అనడం. ఒక వారం తిప్పిన తీర్పులాంటిదాన్నే మరో వారం వదిలేశారు. ఏడాది తిరగ్గానే ఆ రూలు ఎత్తేశారు. లైన్ తొక్కాడా లేదా, మోకాలు ముందా బంతి ముందా అన్నవి కెమెరా చెబుతుంది. ఎంత తోస్తే తోసినట్టు అన్నది మాత్రం దానికి అందదు. మీ మ్యాచ్‌లాంటి ఘోరమైన పొరపాట్లకు మాత్రం పైనుంచి ఒకరు చెవిలో చెప్పే ఏర్పాటు ఉండాలంటాను. ఎక్కడ గీత గీయాలన్నదే తెగని పేచీ.

ప్రశ్న: మా ఆయన ప్రతిసారీ ‘ఆ తెల్ల టోపీ వాడే’ అని టీవీ మీద విరుచుకుపడతారు. నిజంగా అన్నీ ఆయనే చెబుతాడా?
– ప్లేనో పాఠకురాలు

జవాబు: చెప్పేది ఆయనే, చూసేది చాలాసార్లు వేరేవాళ్లు. తెల్ల టోపీ రెఫరీది, మిగతా ఆరుగురివి నల్లవి. ఎవరు ఫ్లాగ్ వేసినా మైకు ఆయన దగ్గరే ఉంటుంది కాబట్టి తిట్లూ ఆయనకే. క్వార్టర్‌బ్యాక్ చుట్టుపక్కల జరిగినదానికి మాత్రం మీ ఆయన తిట్లు సరైన చిరునామాకే చేరుతున్నాయి.

ప్రశ్న: కాన్సస్ సిటీ చీఫ్స్ అంటే రెఫరీలకు ప్రేమ. 2023 సూపర్ బౌల్, 2025లో మా బఫలో బిల్స్‌తో మ్యాచ్... ఇంకా సాక్ష్యాలు కావాలా?
– బఫలో అభిమాని, న్యూ జెర్సీ

జవాబు: కావాలి. మీరిచ్చిన రెండూ సాక్ష్యాలు కావు.

మొదటిది చూడండి. 35-35, రెండు నిమిషాల లోపు, అవతలి జట్టు ఈగల్స్ డిఫెన్స్ ఆటగాడు జేమ్స్ బ్రాడ్‌బెరీ మీద హోల్డింగ్ (ప్రత్యర్థిని పట్టి ఆపిన ఫౌల్). ఐదు యార్డులు, దాంతోపాటు ఫస్ట్ డౌన్, అంటే మళ్లీ కొత్తగా నాలుగు డౌన్లు. చీఫ్స్ గడియారం కరగదీసి, ఎనిమిది సెకన్లుండగా తన్ని 38-35తో గెలిచింది. కానీ జెర్సీ లాగానని, చూసీచూడనట్టు వదిలేస్తారనుకున్నానని బ్రాడ్‌బెరీయే చెప్పాడు. ఆట మొత్తం వదిలేసి చివర్లో పట్టుకున్నారన్నది న్యాయమైన ఫిర్యాదే. దాన్ని ప్రేమ అనలేం.

రెండోదాంట్లో మీ బాధ నాకు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే అది నా ఉద్యోగమే. నాలుగో క్వార్టర్, మీరు 22-21తో ముందున్నారు, నాలుగో డౌన్, కావలసింది యార్డు లోపు. మీ క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ గుంపులోకి దూరాడు. రెండు పక్కలనుంచీ ఇద్దరు అఫీషియల్స్ పరుగెత్తుకొచ్చారు, బంతి ఆగిన చోటును కాలితో చూపాలి, ఇద్దరి కాళ్లూ ఒకే చోట ఆగలేదు. చివరికి తక్కువ చూపిన కాలి దగ్గరే బంతి పెట్టారు, అంటే ఫస్ట్ డౌన్ రాలేదు. రీప్లేలో బంతి ఎక్కడుందో కనిపించదు, కాబట్టి తీర్పు అలాగే ఉంది. క్రికెట్‌లో ‘అంపైర్స్ కాల్’ లాంటిదన్నమాట. మీరు 32-29తో ఓడారు.

అలాంటి గుంపులో లైన్ జడ్జికి కనిపించేది వీపులు, తొడలు, ఒక్కోసారి బూట్లు. క్వార్టర్‌బ్యాక్ భుజాలు ఎక్కడ ఆగాయో చూసి, బంతి ఇక్కడుండాలి అనుకుని కాలు పెడతాం. 2025 నుంచి ఫస్ట్ డౌన్ కొలవడానికి ఇనుప గొలుసుల బదులు హాక్-ఐ కెమెరాలు వాడుతున్నారు, సంతోషం. అవి కొలిచేది మాత్రం మనిషి పెట్టిన చోటినుంచే. అంటే బంతిని పెట్టడం అందాజుగా, కొలవడం అంగుళాల్లో. ఈ తమాషా గురించి మీరు గొడవ చేస్తే మీ వెనకే నేనూ వస్తాను.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి, డిఫెన్సివ్ లైన్‌లో ఆడతాడు. అవతలి పిల్లాడు వాణ్ణి జెర్సీ పట్టి లాగుతూనే ఉన్నా ఫ్లాగ్ వేయలేదు. నేను అరిచాను. మావాడు సిగ్గుపడి, వచ్చే మ్యాచ్‌కు కారులోనే కూర్చో నాన్నా అన్నాడు. అడిగే పద్ధతేమైనా ఉందా?
– మెకిన్నీ తండ్రి

జవాబు: ఉంది, కానీ మీకు కాదు, కోచ్‌కు. పట్టుకోవడాలు దాదాపు ప్రతి ఆటలోనూ ఉంటాయి. బంతి వెళ్తున్న వైపు పట్టుకుని, అవతలివాడు ట్యాకిల్ చేయకుండా (బంతి ఉన్నవాణ్ణి పడగొట్టకుండా) ఆపితేనే ఫ్లాగ్ వేస్తాం. బంతి కుడి పక్కకు పోతుంటే ఎడమ చివర లాగినవాడికి ‘చేతులు లోపల పెట్టుకో బాబూ’ అని చెప్పి ఊరుకుంటాం. గ్యాలరీలోంచి ఆ మాట వినపడదు, అందుకే చూడలేదనుకుంటారు. చిన్న పిల్లల మ్యాచ్‌లకు మేం వచ్చేదే నలుగురైదుగురం, రీప్లే ఊసే లేదు.

క్వార్టర్ల మధ్య కోచ్ తన సైడ్‌లైన్ మీదున్న అఫీషియల్ దగ్గరికి వచ్చి ‘ఫలానా నెంబరువాణ్ణి కాస్త గమనించండి’ అంటే తప్పకుండా గమనిస్తాం. నెంబరు చెప్పాలి, అరవకూడదు. ఆ నెంబరు మీరు కాగితం మీద రాసి మ్యాచ్ తర్వాత కోచ్‌కు ఇవ్వండి, రెండోసారి ఆ జట్టుతో ఆడినప్పుడు పనికొస్తుంది. కారు విషయంలో మాత్రం మీ అబ్బాయితో బేరమాడండి. కనీసం రెండో సగానికి లోపలికి రానిస్తాడేమో.