డాలస్‌లో కొత్త ఇల్లు: మందులు కొట్టకుండా లాన్ పెంచడం

ఫ్రిస్కోలో కొత్త ఇంట్లోకి వచ్చాం, బిల్డర్ పరిచిన గడ్డి అక్కడక్కడా పసుపు తిరుగుతోంది, ఇంట్లో పాకే పాప ఉంది, వెనక ఫెన్స్ దగ్గర అమ్మ పెట్టిన బీరపాదు ఉంది, రసాయనాలు లేకుండా లాన్ కుదురుతుందా అని అడిగారు. కుదురుతుందండీ. మేమూ డాలస్‌కి ఉత్తరాన అలాంటి కొత్త కాలనీలోనే ఉంటున్నాం. రసాయన ఎరువు గానీ కలుపు మందు గానీ వేయకుండానే నడుపుతున్నాం. మీకు నేను చెప్పేది ఒకటే: ఏ ఎరువు సంచీ కొనకముందు గడ్డి కింద ఏముందో చూడండి.

ఇక్కడ కొత్త ఇళ్ల ముందు ఎక్కువగా పరిచేది బెర్ముడా. అది మన గరికే. పొలం గట్టు మీద ఎంత తొక్కినా, పశువులు ఎంత మేసినా మళ్లీ లేచే గడ్డి. అలాంటిది పసుపు తిరుగుతోందంటే తప్పు దానిది కాదు, నేలది. ఇక్కడిది మన నల్లరేగడి లాంటి నేలే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఇల్లు కట్టేటప్పుడు పైమట్టి తీసేస్తారు, యంత్రాలు తిరిగి అడుగు మట్టి గట్టిపడిపోతుంది, దాని మీదే గడ్డి చాపలు పరిచి వెళ్తారు. నీళ్లు పెట్టిన మర్నాడు పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. రెండు అంగుళాలు కూడా దిగకపోతే వేళ్లూ అంతకంటే కిందకు దిగలేవు.

దీనికి మందు ఏరేషన్, అంటే గట్టిపడిన నేలకు రంధ్రాలు చేయడం. మేకులతో పొడిచేది కాదు, మట్టిని చిన్న చిన్న ముక్కలుగా బయటికి లాగే యంత్రం అద్దెకు తీసుకోండి. గరిక జోరుగా పెరిగే మే చివర్లో గానీ జూన్‌లో గానీ చేయాలి. ముందుగా స్ప్రింక్లర్ తలల దగ్గర జెండాలు గుచ్చుకోండి. వెంటనే జల్లించిన కంపోస్టు పావు అంగుళం మందాన చల్లి, చీపురుతో రంధ్రాల్లోకి నెట్టండి. వెయ్యి చదరపు అడుగులకు సుమారు ముప్పావు క్యూబిక్ యార్డు పడుతుంది. డబ్బు పెట్టేది ఏదైనా ఉంటే దీని మీదే పెట్టండి. మా ఇంటి దగ్గర నీళ్లు కాలిబాట మీదకు పారిపోకుండా ఇంకడం మొదలైంది దీని తర్వాతే.

కంపోస్టు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కలుపు మందు కొట్టిన ఎండుగడ్డి, దాన్ని మేసిన పశువుల పేడ అందులో కలిస్తే ఆ మందు కంపోస్టులో మిగిలే అవకాశం ఉంది. కప్పులో కంపోస్టు వేసి నాలుగు చిక్కుడు గింజలు నాటి చూడండి. ఆకులు ముడుచుకుని వంకర్లు తిరిగితే ఆ కంపోస్టు వద్దు, బీరపాదు దగ్గరికి అసలే వద్దు.

నీళ్లు రోజూ కొంచెం కొంచెం పెడితే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. ఎండాకాలంలో వాన కలుపుకుని వారానికి ఒక అంగుళం చాలు. వెయ్యి చదరపు అడుగులకు అది దాదాపు 620 గ్యాలన్లు. ఖాళీ ట్యూనా డబ్బాలు లాన్‌లో పెడితే మీ స్ప్రింక్లర్ అంత పోయడానికి ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. ఈ మట్టి ఒక్కసారిగా పీల్చుకోదు కాబట్టి ఆ సమయాన్ని మూడు ముక్కలు చేసి, మధ్యలో అరగంట విరామం ఇవ్వండి. నీళ్లకు మీ సిటీ కేటాయించిన రోజుల్లోనే, తెల్లవారుజామున పెట్టండి.

కోత ఒకటిన్నర, రెండు అంగుళాల ఎత్తులో ఉంచి, ఒకసారికి మూడో వంతుకు మించి కోయకండి. కోసిన గడ్డి అక్కడే వదిలేయండి, అందులోని నత్రజని మళ్లీ నేలకే చేరుతుంది.

ఎరువు వేసే ముందు టెక్సాస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ వాళ్ల ల్యాబ్‌కు మట్టి పంపి పరీక్ష చేయించండి. ఇక్కడి నేల చాలావరకు క్షారంగానే ఉంటుంది, ఇంటర్నెట్‌లో చూసి సున్నం మాత్రం వేయొద్దు. మేము కోళ్ల ఎరువు గుళికలు వాడతాం, ఏప్రిల్ మధ్యలో ఒకసారి, జూన్‌లో ఒకసారి. ఒక్కోసారికి వెయ్యి చదరపు అడుగులకు ఒక పౌను నత్రజని లెక్క. సంచీ మీద మొదటి అంకె, అంటే నత్రజని శాతం, 5 ఉంటే 20 పౌన్లు వేయాలన్నమాట. చాలామంది చెప్పే మిలోర్గనైట్ మిల్వాకీ నగర మురుగునీటి శుద్ధి నుంచి వచ్చేది. నెమ్మదిగా పనిచేసే నత్రజని ఎరువే కానీ, పాప పాకే చోట, కూరగాయల పక్కన నేను వేయను.

కలుపు గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. మార్చిలో కనిపించే వెడల్పాకు మొక్కలు కోతకీ తర్వాతి ఎండకీ చాలావరకు పోతాయి. మొండిది తుంగ. పీకితే గడ్డ లోపలే ఉండిపోయి మళ్లీ వస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు సన్న పారతో గడ్డతో సహా తవ్వండి, వచ్చినప్పుడల్లా తవ్వండి. ఒకేచోట గుంపుగా వస్తుంటే అక్కడ పైపు కారుతోందేమో చూడండి. వాట్సాప్‌లో తిరిగే వెనిగర్, ఉప్పు చిట్కా దయచేసి చేయకండి. వెనిగర్ గరికనీ మాడుస్తుంది, తుంగ గడ్డను చంపదు. ఉప్పు నేలను పాడుచేస్తుంది.

నవంబర్ తర్వాత లాన్ మొత్తం ఎండుగడ్డి రంగుకు మారితే చచ్చిపోయిందనుకోకండి, చలికి నిద్రపోతుంది. ఆ రోజుల్లో ఇంటికొచ్చి స్ప్రే ప్యాకేజీ అమ్మేవాళ్లు చాలామంది ఉంటారు, సంతకం పెట్టకండి.

ఇళ్ల మధ్య సందులో మాత్రం గరిక కోసం పోరాడొద్దు. ఆరు గంటలైనా సూటిగా ఎండ తగలని చోట అది పలచబడిపోతుంది. అక్కడ మల్చ్ (నేల మీద పరిచే చెక్క పేళ్ల లాంటివి) పరిచి నడవడానికి రాళ్లు వేసుకోవచ్చు, కాకపోతే పని మొదలుపెట్టే ముందు హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.