కుక్క వెంటపడితే సైకిల్ దిగు

చిరంజీవి కిరణ్‌ను ఆశీర్వదించి మావయ్య రాయునది.

గేర్ల సైకిల్ కొన్నావని, పొద్దున్నే విశాఖలో లాసన్స్ బే నుంచి భీమిలి వైపు తొక్కుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. సాగర్ నగర్ దాటాక కుక్కలు తరుముతున్నాయని, ఆ టెన్షన్‌కి సైకిల్ మూలన పడేస్తావేమోనని కూడా చెప్పింది. నువ్వేమో వాట్సాప్‌లో ఏదో ఈల ఫొటో పంపి "ఇది కొననా మావయ్యా?" అని అడిగావు. ఈల సంగతి తర్వాత చూద్దాం. కుక్క వెంటపడితే తొక్కడం ఆపి కిందికి దిగు. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే. మిగతాదంతా ఎలా దిగాలి, ఎప్పుడు దిగకూడదు అన్న వివరం.

నా ఉద్యోగమంతా గాజువాక నుంచి సింధియా దాకా సైకిల్ మీదే గడిచిందని నీకు తెలుసు. (అక్కడి సింధియా షిప్‌యార్డుకి 1952లోనే హిందుస్థాన్ షిప్‌యార్డు అని పేరు మారినా ఆ జంక్షన్ మాకు సింధియానే.) రాత్రి షిఫ్టు దిగి శ్రీహరిపురం, మల్కాపురం వీధుల్లో తొక్కుకుంటూ వచ్చేవాళ్లం. అప్పుడు గమనించిందొకటి చెప్తాను. గేటు వదలగానే సైకిళ్లు రోడ్డు నిండా వెళ్తుంటే ఒక్క కుక్క కూడా లేచేది కాదు. ఆ గుంపు పోయాక ఎవడో ఒకడు ఆలస్యంగా, ఒంటరిగా, గబగబా తొక్కుకుంటూ వస్తాడు చూడు, వాడి వెనక పడేవి.

కుక్కకి నీ మీద పగేమీ లేదు. దాని కంటికి నువ్వసలు మనిషిలాగే కనిపించవు. గిరగిర తిరిగే రెండు కాళ్లు, టకటకమనే చక్రం, తన హద్దులోంచి పారిపోతున్న వస్తువు, అంతే కనిపిస్తుంది. పారిపోయేదాన్ని తరమడం దాని పుట్టుకలోనే ఉంది. పైగా నువ్వు ఎలాగూ దాని హద్దు దాటి వెళ్లిపోతావు కదా, "నేను తరిమితేనే పోయాడు" అనుకుని మర్నాడు ఇంకా హుషారుగా వస్తుంది. వేగం పెంచిన కొద్దీ దానికి అలవాటు నేర్పుతున్నది నువ్వే. బలమైన వీధికుక్క కాసేపు గంటకి 30 కిలోమీటర్లకి మించి పరిగెత్తగలదు. చదును రోడ్డు మీద నువ్వు తొక్కేది 20, మహా అయితే 25. పందెంలో నెగ్గవు.

దిగడానికి పద్ధతుంది. దూరంగా కుక్క తల ఎత్తి నిన్నే చూస్తోందనుకో, అక్కడే తొక్కడం తగ్గించు. నీ బూట్లు పెడల్‌కి బిగించుకునే రకమైతే ఒక కాలు అప్పుడే విడిపించుకో, ఆగాక విడిపించుకుందామంటే కుదరదు. మెల్లగా బ్రేకు వేసి, కుక్క ఏ పక్కనుంచి వస్తుందో దానికి అవతలి పక్క దిగు. సైకిల్ నీకూ దానికీ మధ్య ఉండాలి. నిలబడి గట్టిగా, బొంగురు గొంతుతో "ఏయ్! పో!" అను. కీచుగా అరిస్తే దాని ఉత్సాహం పెరుగుతుంది. ఆటో డ్రైవర్లు అదిలిస్తారు చూడు, ఆ గొంతు కావాలి. సాధారణంగా రెండడుగుల్లోనే దాని ముఖం మారిపోతుంది. తరుముతున్న వస్తువు కాస్తా మనిషైపోయింది కదా! కాసేపు మొరుగుతుంది, తర్వాత పక్కకి తిరుగుతుంది. అప్పుడు కూడా వెంటనే ఎక్కేయకు. సైకిల్ నడిపించుకుంటూ దాని హద్దు దాటు, అదేమంత దూరం ఉండదు, టీ కొట్టు నుంచి మలుపు దాకా ఉంటుంది. దానికి వీపు పూర్తిగా తిప్పకు. అలాగని కళ్లలో కళ్లు పెట్టి చూడకు, అది దానికి సవాలుగా అనిపిస్తుంది.

మీ స్ట్రావా యాప్‌లో సగటు వేగం పడిపోతుందని బాధ ఉంటుంది, తెలుసు. పడిపోనీ.

మా వర్క్‌షాపులో ఒక వెల్డర్ ఉండేవాడు, మంచి బలశాలి. కుక్క వస్తే దిగడం వాడికి నామోషీ. ఒకరోజు ఎడమ కాలు ఎత్తి తన్నబోయాడు. కుక్క తప్పుకుంది, సైకిల్ తప్పుకోలేదు. కాలర్ బోన్ విరిగి మూలపడ్డాడు. ఆ కుక్క పన్ను కూడా తగల్లేదు, పైగా పడిపోయినవాడిని చూసి రెండు అడుగులు వెనక్కి వేసిందట. సైకిల్ మీద ఉన్నవాడికి కాటు కంటే పడిపోవడమే పెద్ద ప్రమాదం. అందులోనూ చెడ్డది, కుక్క ముందు చక్రానికి అడ్డంగా దూరడం. అందుకే రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచు, కుక్కని కాకుండా రోడ్డుని చూడు. ఎటు చూస్తే సైకిల్ అటే పోతుంది. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కావంటే కుక్క సాయం లేకుండానే పల్టీ కొడతావు. హెల్మెట్ గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

దిగకూడని సందర్భాలు రెండు. పల్లంలో మంచి వేగంతో దిగుతున్నప్పుడు, కుక్క వెనకో పక్కనో ఉంటే, పెడల్ తిప్పకుండా నిటారుగా సాగిపో. కాళ్లు కదలకపోతే దానికీ ఆసక్తి తగ్గుతుంది. రెండోది, వెనక లారీ వస్తున్నప్పుడు. ముందు లారీని పోనివ్వు. ఎక్కుడులో మాత్రం వేరే ఆలోచన పెట్టుకోకు. కైలాసగిరి రోడ్డులో నువ్వు ఎగశ్వాస మీద తొక్కుతుంటే కుక్క నీ పక్కన తాపీగా నడుస్తుంది. అక్కడ దిగడమే గౌరవం.

ఇక సామాన్ల సంగతి. ఆ ఈలలు, మనకి వినపడని శబ్దం చేస్తాయని అమ్మే పరికరాలు, కొన్ని కుక్కలు చెవులు రిక్కించడానికి పనికొస్తాయి, అన్నీ ఆగుతాయన్న నమ్మకం లేదు. డబ్బు దండగ. కారం స్ప్రే అసలొద్దు. బీచ్ రోడ్డు గాలికి అది నీ కళ్లలోనే పడుతుంది. కర్ర కట్టుకుంటే అది ఎప్పుడో చక్రంలో ఇరుక్కుంటుంది. నీళ్ల సీసా చాలు. ఆగి, ముఖం మీద చిమ్మితే వెనక్కి తగ్గుతుంది. మరీ మొండికేస్తే ఉత్తుత్తినే వంగి రాయి తీసినట్టు నటించు. మన వీధికుక్కలకి ఆ వంగడం అర్థం చాలా బాగా తెలుసు. నిజంగా విసిరావంటే మాత్రం రేపు అది సైకిల్ తొక్కే ప్రతివాడినీ శత్రువుగా చూస్తుంది, నీ వెనక వచ్చే పేపరు కుర్రాడు అనుభవిస్తాడు.

అన్ని నెలలూ ఒకలా ఉండవు. చిత్త కార్తె కుక్క అని ఊరికే అనలేదు పెద్దలు. అక్టోబరులో ఆ రోజుల్లో అవి గుంపులు కట్టి, వాటిలో అవే కొట్టుకుంటూ తిరుగుతాయి. గుంపు కనిపిస్తే దూరంగానే దిగి నడువు, లేదా ఇంకో వీధి పట్టుకో. ఆ తర్వాత రెండు నెలలకి పిల్లల తల్లులు ఉంటాయి. కాలువ గట్టునో, ఆగిన లారీ కిందో పిల్లలుంటే తల్లి ముందు ఊరికే మొరగదు, సూటిగా వస్తుంది. అక్కడ ధైర్యం చూపించకు. అరవకుండా మెల్లగా వెనక్కి జరుగు.

నీ దారి గురించి రెండు మాటలు. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్న బళ్లు ఆపేస్తారు, నడిచేవాళ్ల సందడికి అక్కడి కుక్కలు అలవాటుపడిపోయి ఇసుకలో నిద్రపోతుంటాయి. పెదజాలరిపేట, మంగమారిపేట లాంటి చోట్ల చేపలు దిగే వేళకి కుక్కలు పోగవుతాయి, తిండి దగ్గర వాటికి చిరాకు ఎక్కువ. ఆదివారం కోడిమాంసం కొట్ల వెనక కూడా అంతే. అక్కడ నెమ్మదిగా పో. రోజూ తరిమేది ఒకే కుక్కైతే, అక్కడి టీ కొట్టు దగ్గర ఆగి ఒక టీ తాగు. కొట్టువాడికి దాని పేరు తెలుస్తుంది. ఆయన పిలుస్తుండగా అది నిన్ను ఒకటి రెండుసార్లు వాసన చూసిందంటే మరి నీ జోలికి రాదు. పేరు పెట్టి పిలిస్తే సగం కుక్కలు మెత్తబడతాయి. బిస్కెట్లు మాత్రం సైకిల్ మీంచి విసరకు. మా ఆవిడ ఇందుకు ఒప్పుకోదు, పాపం ఆకలి అంటుంది. పెట్టాలనుకుంటే రోడ్డుకి దూరంగా, దిగి పెట్టు. లేకపోతే సైకిల్ కనబడితే తిండి వచ్చిందని పరిగెత్తడం నేర్చుకుంటుంది.

నలుగురు కలిసి వెళ్లేటప్పుడు ముందు పోయేవాడు కుక్కని నిద్ర లేపుతాడు, కాటు మూడోవాడికి పడుతుంది. ముందున్నవాడు "కుక్క!" అని కేకేసి, అందరూ కలిసి నెమ్మదించాలి. ఒక్కడే గబుక్కున బ్రేకు వేస్తే వెనకవాళ్లు వాడి మీదే పడతారు.

ఇన్ని చేసినా కరిస్తే, గీసుకుపోయినా సరే, నెత్తురు రాకపోయినా సరే, ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడుగు. మన వీధిలో ఎవరో ఒకరు పసుపో కారమో సున్నమో పట్టుకొస్తారు, వద్దని గట్టిగా చెప్పు. కట్టు బిగించకు, కుట్లు వేయించడానికి తొందరపడకు. అదే రోజు కేజీహెచ్‌కి గానీ దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి గానీ వెళ్లు. మా చిన్నప్పుడు బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లంటే పిల్లలు కుక్క కరిచిందని ఇంట్లో చెప్పేవాళ్లే కాదు. ఇప్పుడు చేతి చర్మంలోకి వేస్తారు, మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి. చర్మం చీరి నెత్తురొస్తే గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచెయ్యడం మొదలయ్యేలోగా కాపాడే మందు) కూడా ఎక్కించాలి, డాక్టరు చెప్పకపోతే నువ్వే అడుగు. మొదటి రెండు వేయించుకుని "బాగానే ఉన్నాను కదా" అని మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు, ఈ ఒక్క విషయంలో నాకు సరదా లేదు. కుక్కని 10 రోజులు కనిపెట్టి చూడమంటారు, చూడు, కానీ అందాకా ఇంజెక్షన్ ఆపకు. చొంగ కారుస్తూ, దవడ వేలాడేసి, మొరగకుండా దారీతెన్నూ లేకుండా తిరిగే కుక్క కనిపిస్తే నేను పైన చెప్పిన ఆగడం, అదిలించడం ఏమీ వద్దు. ఏదో ఒక గోడ అవతలికి వెళ్లిపో, జీవీఎంసీకి, అంటే మన నగర కార్పొరేషన్‌కి, ఫోన్ చెయ్యి.

చెవి కొస కత్తిరించి ఉన్న కుక్కలు చూసి ఉంటావు. వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదిలారని గుర్తు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం చెయ్యాల్సిన పద్ధతి అదే. ఆ టీకా ఎప్పుడు వేశారో చెవి చెప్పదు కాబట్టి, అది కరిచినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఒకే చోట కుక్కలు మరీ ఎక్కువైతే వార్డు సచివాలయంలో అర్జీ పెట్టు, ఒక్కడివే కాకుండా కాలనీవాళ్ల సంతకాలతో. విషం పెడదామనే మహానుభావులు ప్రతి కాలనీలోనూ ఒకరుంటారు. అది నేరం, వాళ్ల మాటల్లో తల దూర్చకు.

నువ్వు రోజూ తొక్కాలనే అనుకుంటే ఇంకో పని చెయ్యి. కరవకముందే రేబిస్ టీకా వేయించుకోవచ్చు, మూడు డోసులు. ఆ తర్వాత ఎప్పుడైనా కరిస్తే మొదటి రోజు ఒకటి, 3వ రోజు ఒకటి, రెండు ఇంజెక్షన్లతో సరిపోతుంది, ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం ఉండదు. కడగడం మాత్రం తప్పదు. మీ డాక్టరుని అడుగు. వేయించుకున్న కార్డు ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకో, మీ అమ్మకి కూడా ఒకటి పంపు.

ఆశీస్సులతో,
మీ మావయ్య
గాజువాక