కోచ్ రమ్మన్నాడు, అడ్మిషన్స్ ఆఫీసు ఆగమంది: అఫీషియల్ విజిట్ ఆగిపోతే ఏమని అర్థం చేసుకోవాలి?

మీ అబ్బాయి పదకొండో తరగతి చదువుతూ హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో లైన్‌బ్యాకర్‌గా (రక్షణ వైపు ఆడేవాడిగా) ఆడుతున్నాడనీ, చదువుకు పేరున్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం కోచ్ జనవరి నుంచి వారం వారం మాట్లాడుతూ జూన్‌లో అఫీషియల్ విజిట్‌కు (కాలేజీ ఖర్చుతో వచ్చి చూసి వెళ్లడానికి) పిలుస్తానన్నాడనీ, ఇప్పుడు మాత్రం అడ్మిషన్స్ ఆఫీసు మార్కులు చూసి సరేననేదాకా తేదీ ఇవ్వలేనంటున్నాడనీ రాశారు. ఇది మర్యాదగా వద్దని చెప్పడమేనా అని మీ ప్రశ్న. కాకపోవచ్చునని నా సమాధానం. ఇదే మాటను 2023లో మేము తిరస్కారంగా తీసుకుని నష్టపోయాము కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మేము డల్లస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాము. మా పెద్దవాడు చిన్నప్పుడు సాకర్ ఆడి, తొమ్మిదో తరగతిలో కిక్కర్‌గా (బంతిని కాలితో తన్నే ఆటగాడిగా) ఫుట్‌బాల్ జట్టులో చేరాడు. టెక్సస్‌లో శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. మావాడు జూనియర్ సంవత్సరంలో, అంటే పదకొండో తరగతిలో ఉండగా, ఫిబ్రవరిలో, ఒక కాలేజీ వాళ్లు జూనియర్ డేకి (ఆ తరగతి ఆటగాళ్లను పిలిచి కాలేజీ చూపించే రోజుకు) రమ్మన్నారు. విమానం టికెట్లు, హోటలు, అద్దె కారు అన్నీ మా ఖర్చే. అంటే అది అనఫీషియల్ విజిట్. అక్కడ మావాడికి జట్టు యూనిఫారం తొడిగి ఫోటోలు తీశారు, లాకర్ మీద పేరు రాసి పెట్టారు, స్పెషల్ టీమ్స్ కోచ్ గంటసేపు మాతో కూర్చున్నాడు. ఆ ఫోటోలు గుడివాడలో ఉన్న మా నాన్నగారికి పంపితే ఆయన మనవడికి సీటు వచ్చేసిందని వీధిలో నలుగురికీ చెప్పేశారు. ఆయనను తప్పుపట్టలేను, ఎందుకంటే నేనూ లోపల అలాగే అనుకున్నాను.

మన తప్పు అక్కడే మొదలవుతుందని ఇప్పుడు అనిపిస్తుంది. ఎంసెట్ కాలంలో పెరిగిన మనకు సీటు అంటే ర్యాంకు, కౌన్సెలింగు, కేటాయింపు. ఆ వరుసలో ఎవరూ మనల్ని ముందుగా పిలిచి భోజనం పెట్టరు, పిలిచారంటే పని అయిపోయినట్టే. ఇక్కడ పిలిచేవాడు ఒకడు, చేర్చుకునేవాడు ఇంకొకడు. కోచ్‌కు ఆటగాడు కావాలి. అడ్మిషన్స్ ఆఫీసుకు తమ తరగతిలో నిలబడగల విద్యార్థి కావాలి. పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల కనీస అర్హతలు ఉంటే కోచ్ మాటే దాదాపు చెల్లుతుంది. చదువు విషయంలో పట్టుదలగా ఉండే సంస్థల్లో అలా కాదు. స్టాన్‌ఫర్డ్‌లో ఫుట్‌బాల్ ఆటగాడైనా వ్యాసాలతో సహా పూర్తి దరఖాస్తు పెట్టుకోవలసిందే, నిర్ణయం అడ్మిషన్స్ వాళ్లదే.

కనీస అర్హత అన్న మాట కూడా మమ్మల్ని మోసం చేసింది. టెక్సస్‌లో సాధారణంగా ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తగ్గితే పిల్లవాణ్ని మూడు వారాలు ఆట నుంచి తప్పిస్తారు. ఆ గండం మావాడికి ఎప్పుడూ రాలేదు. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ వారి డివిజన్ వన్ (పై స్థాయి) నిబంధన ప్రకారం 16 కోర్ కోర్సులు (ముఖ్యమైన చదువు సబ్జెక్టులు), వాటిలో 2.3 జీపీఏ (నాలుగుకు లెక్కించే సగటు గ్రేడు) ఉండాలి, అందులో 10 కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తికావాలి, ఆ పదింటిలో 7 ఇంగ్లీషు, గణితం, సైన్సుల్లో ఉండాలి. మావాడి జీపీఏ 3.6. అర్హత ఉంది కదా, ఇంకేమి అడ్డం అనుకున్నాము. ఎన్‌సీఏఏ చెప్పేది ఆడే అర్హత గురించే. ఆ కాలేజీ గడప దాటే అర్హత గురించి అది ఒక్క మాట కూడా చెప్పదు.

ఇక అఫీషియల్ విజిట్‌కు అడ్మిషన్స్ వాళ్లు ఎందుకు అడ్డుపడతారన్నది అసలు సంగతి. ఆ విజిట్‌లో రెండు రాత్రుల దాకా ప్రయాణం, బస, భోజనం ఖర్చంతా కాలేజీదే. తల్లిదండ్రులు వస్తే వారి ఖర్చు కూడా పెట్టుకోవచ్చు. ఫుట్‌బాల్‌లో ఇవి జూనియర్ సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై జూన్ చివరి వారం దాకా సాగి, ఆపైన సెప్టెంబరులోనే మళ్లీ తెరుచుకుంటాయి. పిలిచే ముందు విద్యార్థి ఎన్‌సీఏఏ అర్హతా కేంద్రంలో నమోదై ఉండాలి, హైస్కూలు ట్రాన్‌స్క్రిప్టు (కోర్సులు, మార్కుల పట్టిక) కాలేజీకి అంది ఉండాలి. ఇది అందరికీ వర్తించే నిబంధన. దీనిపైన కొన్ని సంస్థలు తమ సొంత నిబంధన పెట్టుకుంటాయి: ఆ ట్రాన్‌స్క్రిప్టును అడ్మిషన్స్ అధికారి ఒకరు చదివి ఆమోదయోగ్యమేనని చెప్పనిదే విజిట్ ఖరారు చేయకూడదు. కారణం ఊహించడం కష్టం కాదు. రెండు రోజులు అతిథి మర్యాదలు చేసి, ఇంటిల్లిపాదికీ ఆశపెట్టి, డిసెంబరులో కాదనడం ఎవరికీ గౌరవం కాదు. ఇంకొక లెక్క కూడా ఉంది: ఒక జట్టు ఏడాదికి ఇవ్వగల అఫీషియల్ విజిట్లకు పరిమితి ఉంటుంది, పై స్థాయి జట్లకు అది చాలా ఏళ్లపాటు 56గా ఉండేది. చేర్చుకోవడానికి వీలుకాని పిల్లవాడి మీద అందులో ఒకటి ఖర్చు చేయడానికి ఏ కోచ్‌కూ మనసు ఒప్పదు. అప్పట్లో విద్యార్థి వైపునుంచి కూడా ఐదు విజిట్ల హద్దు ఉండేది. 2023 జూలై 1 నుంచి దానిని ఎత్తేసి, ఒక్కో కాలేజీకి ఒక్కసారి అన్న నియమం మాత్రం సాధారణంగా ఉంచారు.

మా విషయంలో ఏప్రిల్‌లో ట్రాన్‌స్క్రిప్టు పంపాము. మే మొదట్లో కోచ్ ఫోన్ చేసి, పదో తరగతి కెమిస్ట్రీలో వచ్చిన సి ప్లస్ మీద ప్రశ్న వచ్చిందనీ, దానికన్నా ముఖ్యంగా పన్నెండో తరగతికి మావాడు ఎంచుకున్న కోర్సుల జాబితా వాళ్లకు నచ్చలేదనీ, సంవత్సరాంతపు మార్కులు వచ్చేదాకా విజిట్ ఖరారు చేయలేననీ చెప్పాడు. ఆటకు సమయం మిగులుతుందని మావాడు కాలిక్యులస్ మానేసి తేలికైన కోర్సు పెట్టుకున్నాడు, ఆ సలహా ఇచ్చినది నేనే. ఆట కోసం చదువు భారం తగ్గించుకోవడం తెలివైన పని అనుకున్నాను. అడ్మిషన్స్ వాళ్లు సరిగ్గా దానికే వెనక్కి తగ్గారు. మార్కుల కంటే మార్కులు ఏ కోర్సులో వచ్చాయన్నది వాళ్లు ముందు చూస్తారని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఆ ఫోన్ తరువాత మా ఇంట్లో అందరూ అలిగారు, అంతకంటే మంచి మాట దొరకడం లేదు. మావాడు కోచ్ పంపిన మెసేజీలకు మూడు వారాలు జవాబివ్వలేదు. ఇష్టం లేకనే సాకు చెబుతున్నారని నేను కూడా వంత పాడాను. జూన్ రెండో వారంలో మంచి మార్కులు వచ్చాయి, కాలిక్యులస్ మళ్లీ పెట్టించాము, అప్పుడు కోచ్‌కు రాస్తే ఆయన చాలా మర్యాదగా, ఆ సంవత్సరానికి కావలసినది ఒక్క కిక్కరేననీ, ఆ చోటుకు ఇంకొకడు అప్పటికే ఒప్పుకున్నాడనీ చెప్పాడు. అడ్మిషన్స్ ఆఫీసు కాదనలేదు, కోచ్ కాదనలేదు. మేమే మాట్లాడకుండా ఊరుకుని ఆ చోటు వదులుకున్నాము.

అందువల్ల మీ కోచ్ చెప్పినది నిజమైన వాయిదానా, మర్యాదపూర్వకమైన వీడ్కోలా అని తేల్చుకోవడానికి నేను ఒక్కటే చూస్తాను: ఆయన ఏది కావాలో పేరు పెట్టి చెబుతున్నాడా లేదా. ఫలానా తేదీలోపు చివరి మార్కులు, ఫలానా కోర్సు, ఎస్ఏటీలో (కాలేజీ ప్రవేశ పరీక్షలో) ఫలానా స్కోరు అని చెప్పే కోచ్ మీవాడి కాగితాలను నిజంగా లోపలికి పంపాడన్నమాట. ‘అడ్మిషన్స్‌లో చూస్తున్నారు’ అని రెండు నెలలుగా అదే మాట చెప్పేవాడు బహుశా పంపనే లేదు, తన జాబితాలో పైనున్న పిల్లలు ఏమంటారోనని మీవాడిని పక్కన ఆపి ఉంచాడు. రెండోది కూడా పాపమేమీ కాదు, అందరూ చేసేదే, కానీ మీకు తెలియాలి. ‘ట్రాన్‌స్క్రిప్టు అడ్మిషన్స్‌కు వెళ్లిందా, వెళితే వాళ్లు ఏమన్నారు’ అని సూటిగా అడగడంలో అమర్యాద లేదు.

ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది పేరున్న ప్రైవేటు సంస్థల కూటమి) కాలేజీ అయితే లెక్క ఇంకొంచెం బిగుసుగా ఉంటుంది. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ లేదు, కుటుంబ ఆదాయాన్ని బట్టి సహాయం మాత్రమే. మార్కులనూ పరీక్ష స్కోర్లనూ కలిపి అకడమిక్ ఇండెక్స్ అనే అంకె కడతారు; ఒక్కో కాలేజీ ఫుట్‌బాల్‌కు తీసుకునే వారి సంఖ్య ఏడాదికి సుమారు 30, వారి సగటు అంకె మిగతా విద్యార్థుల సగటుకు మరీ దూరం పోకూడదు. అంటే మీవాడి స్కోరు జట్టులో ఇంకొకరి స్కోరును మోయవలసి రావచ్చు, లేదా ఇంకొకరు మీవాడిని మోయవలసి రావచ్చు. అడ్మిషన్స్ సమ్మతి తెలిపే లైక్లీ లెటర్ పన్నెండో తరగతి అక్టోబరు 1 కంటే ముందు రాదు. దానికి ముందు కోచ్ ఇచ్చే ఏ మాటైనా ఆయన మాటే, కాలేజీ మాట కాదు. ఎస్ఏటీ అక్కరలేదన్న కోవిడ్ నాటి సడలింపును డార్ట్‌మత్ 2024 ఫిబ్రవరిలోనే వెనక్కి తీసుకుంది, తరువాత మరికొన్ని కాలేజీలు అదే దారి పట్టాయి, కాబట్టి ఆ పరీక్షను వేసవిలోపు రాయించండి.

మీ వీసా సంగతి రాయలేదు. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉంటే ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సహాయానికి అర్హత ఉండదు, ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ అకాడమీలకు అమెరికా పౌరసత్వం కావాలి. వాటి కోచ్‌లు ఎంత ఆప్యాయంగా ఉత్తరాలు రాసినా ఈ మాట ముందే చెప్పడం మంచిది. అలాగే 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం (కాలేజీ ఆటగాళ్లకు డబ్బు చెల్లించడంపై హౌస్ అనే ఆటగాడి పేరుతో నడిచిన కేసులో రాజీ) తరువాత, అందులో చేరిన కాలేజీలు ఫుట్‌బాల్ జట్టును 105 మందికి కుదించుకోవలసి వచ్చింది. స్కాలర్‌షిప్ లేకుండా చేరే వాక్-ఆన్ చోట్లు ఆ మేరకు తగ్గాయి, కిక్కర్లకు అది పెద్ద దెబ్బ. లైన్‌బ్యాకర్‌కు అంత కాకపోయినా, ‘ముందు చేరు, తరువాత చూద్దాం’ అన్న మాటను మునుపటంత తేలికగా నమ్మకండి.

మావాడు చివరికి డివిజన్ త్రీ (ఎన్‌సీఏఏలో మూడో స్థాయి) కాలేజీలో చేరాడు. ఆ స్థాయిలో కూడా ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, మార్కులను బట్టి ఇచ్చే సహాయం వచ్చింది. అక్కడ కోచ్ మొదటి సంభాషణలోనే, జూలైలో కాగితాలన్నీ ఇస్తే ప్రీ-రీడ్ (దరఖాస్తుకు ముందే అడ్మిషన్స్ వాళ్ల చేత చదివించడం) చేయిస్తాననీ, అది వచ్చేదాకా తన దగ్గర ఏ హామీ ఆశించవద్దనీ చెప్పాడు. ఫిబ్రవరిలో వినుంటే అవమానంగా తోచేది. జూలైకి మాకు అది ఊరటగా వినిపించింది. మూడు వారాల్లో జవాబు వచ్చింది, సెప్టెంబరులో విజిట్‌కు వెళ్లాము, నవంబరులో ఎర్లీ డెసిషన్ (సీటు వస్తే అక్కడే చేరతామని మాట ఇచ్చే) దరఖాస్తు పెట్టాము.

ఒక చిన్న విషయం మరిచిపోయాను. కోచ్‌కు రాయవలసిన ఈమెయిలు మీరు రాయకండి, మీవాడి చేత రాయించండి. ఆ జూలైలో నేను ఎంతో శ్రద్ధగా, మూడు పేరాల్లో రాసినదానికి ఒక కోచ్ నుంచి జవాబే రాలేదు. వారం తరువాత మావాడు అదే ప్రశ్న రెండు వాక్యాల్లో, ఒక అక్షర దోషంతో సహా రాసి పంపితే మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది.