హంపి బట్టలు సర్దుకునే ముందు ఈ ఉత్తరం చదువు

అమ్మడూ,

మే నెలలో ఫ్రెండ్స్‌తో హంపి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. డిసెంబరు వదిలేసి ఇప్పుడెందుకే అని అడగాలనే ఉంది గానీ, టికెట్లు బుక్కయిపోయాక ఆ మాట దండగ. ట్రిప్పు కోసం కొన్నానని నువ్వు వాట్సాప్‌లో పెట్టిన తెల్ల టాపు ఫొటో చూశాను. చేతుల్లేవు, గుడ్డేమో ఉల్లిపొరలా ఉంది. ఈ ఉత్తరం దాని గురించే. చీరాలలో ముప్ఫై రెండేళ్లు బట్టల కొట్లో తానులు విప్పి మీటర్లు కొలిచినవాణ్ణి, మిగతా విషయాల్లో వినకపోయినా ఈ ఒక్కదాంట్లో మీ పెదనాన్న మాట విను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఏటా ఏప్రిల్ రాగానే పలచటి మల్లు గుడ్డ బయటికి తీసి, "గాలాడుతుందమ్మా, ఎండాకాలానికి దీన్ని మించింది లేదు" అని ఎంతమందికి అంటగట్టానో లెక్కలేదు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చునేవాళ్లకి అది నిజమే. ఎండన పడి తిరిగేవాళ్లకి మాత్రం కాదు, ఆ సంగతి నాకు నా వీపు మీదే తెలిసింది. ఓ ఎండాకాలం మీ పెద్దమ్మా నేనూ లేపాక్షి వెళ్లాం, నేను పలచటి తెల్ల లాల్చీ వేసుకున్నాను, అది చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయినా పట్టించుకోకుండా మధ్యాహ్నమంతా తిరిగాను. రాత్రి స్నానానికి నీళ్లు పోసుకుంటే భుజాలు చుర్రుమన్నాయి. బనీను ఉన్నంత మేరా ఒళ్లు బాగానే ఉంది, బనీను లేనిచోటల్లా ఎర్రగా కమిలిపోయింది. అంటే లాల్చీ వేసుకున్నా వేసుకోనట్టే అయింది.

ఎందుకలా అంటే, మనకి తెలిసేది ఎండ వేడి ఒక్కటే, చర్మాన్ని కమిలించేవి అతినీలలోహిత కిరణాలు, అవి తగులుతున్నట్టు ఒంటికి తెలియదు. పడుగుకీ పేకకీ మధ్య ఎంత సందుంటే అంత దూరిపోతాయి. గుడ్డ ఈ కిరణాల్ని ఎంత ఆపుతుందో చెప్పడానికి యూపీఎఫ్ అని ఒక లెక్కుంది, మొదట 1996లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి ప్రమాణంగా పెట్టుకున్నాయి. 50 అంటే ఆ కిరణాల్లో యాభయ్యో వంతు మాత్రమే గుడ్డ దాటి లోపలికి వస్తుందన్నమాట. మామూలు పలచటి తెల్ల కాటన్ టీషర్టుకి ఆ లెక్క అయిదు నుంచి ఏడు దాకా ఉంటుంది, తడిస్తే మూడుకి పడిపోతుంది. నా లాల్చీ కథ అర్థమైందిగా?

కాబట్టి కొనేటప్పుడు లేబులు మీద 'సన్ ప్రొటెక్షన్' అని రాసుంటే మురిసిపోకు, పక్కన యూపీఎఫ్ అంకె ఉందో లేదో చూడు. అంకె లేకపోతే గుడ్డని ఒక్క పొర మీద ఎత్తి ఫోన్ టార్చికి అడ్డం పెట్టు. వెలుతురు చుక్కలు చుక్కలుగా కనబడితే పక్కన పడేయ్. మేం కొట్లో వీధి గుమ్మం వైపు తిప్పి చూసేవాళ్లం, అదే పద్ధతి. ఇంకోటి, సాగే గుడ్డ అయితే కాస్త లాగి చూడు, సాగినప్పుడు సందులు తెరుచుకుంటాయి. ఒంటికి పట్టేసే లెగ్గింగులు మోకాలి దగ్గర చేసే పని అదే.

నన్నడిగితే మంగళగిరి కాటన్ చూడు. గుంట మగ్గం మీద దగ్గర దగ్గరగా నేస్తారు, కాటనే అయినా గుడ్డ గట్టిగా నిలబడుతుంది. వేసుకునే ముందు రెండుసార్లు ఉతుకు, కొత్త కాటన్ ఉతికితే కాస్త ముడుచుకుని సందులు పూడుకుంటాయి. వెంకటగిరి అందమైనదే, కాదనను, కానీ ఆ సన్నదనం పేరంటానికి పనికొస్తుంది, హంపిలో హేమకూటం కొండ బండల మీదికి కాదు.

పాలియెస్టర్ అనగానే మా కాటన్ వాళ్లందరికీ మూతి ముడుచుకోవడం అలవాటు. కానీ నిజం చెప్పాలి, ఈ కిరణాల్ని ఆపడంలో అది పలచటి కాటన్ కంటే నయం, తడిసినా త్వరగా ఆరుతుంది. తుంగభద్రలో పుట్టి పడవ ఎక్కేరోజు అలాంటి ఫుల్‌హ్యాండ్ టీషర్టు ఒకటి ఉంటే మంచిదే. రోజంతా మాత్రం వద్దు, ఉడికిపోతావు.

రంగు సంగతికొస్తే, అదే నేత అయితే ముదురు రంగే ఈ కిరణాల్ని ఎక్కువ ఆపుతుంది. నల్లది వేడెక్కదా అంటావు. వేడెక్కుతుంది, అందుకే వదులుగా ఉండాలి. ఎడారిలో తిరిగే బెడూయిన్లనే సంచార జాతివాళ్లు నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారని కొందరు పరిశోధన చేసి 1980లో నేచర్ పత్రికలో రాశారు, నల్ల అంగీ ఎక్కువ వేడి పీల్చుకున్నా ఆ ఎక్కువ వేడి ఒంటిదాకా చేరకుండానే పోతుందని తేలింది. అంతదూరం దేనికి, గుంటూరు వైపు మిరపకాయ కోతలకి వెళ్లే ఆడవాళ్లని చూడు. చీర మీద మొగుడి ఫుల్‌హ్యాండ్ చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుంటారు. వాళ్లకి యూపీఎఫ్ తెలియదు, ఎండ తెలుసు. నువ్వూ ఒక సైజు పెద్ద చొక్కా తీసుకో, నేవీ బ్లూనో మెరూనో, కాలరున్నది. కాలరు ఎత్తిపెట్టుకుంటే మెడ వెనక దక్కుతుంది.

మీవాళ్లంతా క్యాపులు పెట్టుకుంటారు, అది నుదుటికి తప్ప దేనికీ చాలదు, చెవులూ మెడా బయటే. చుట్టూ మూడంగుళాల అంచున్న టోపీ కావాలి, గడ్డం కింద తాడుండాలి, లేకపోతే మాతంగ కొండ గాలికి ఫొటో దిగేలోపు ఎగిరిపోతుంది. జార్జెట్ చున్నీ తలకి చుట్టుకుని సరిపోయిందనుకోకు.

విరూపాక్ష గుడిలోకి చెప్పుల్లేకుండా వెళ్లాలి, మధ్యాహ్నానికి ఆ రాళ్లు పెనంలా కాలతాయి. బ్యాగులో మందపాటి కాటన్ సాక్సు ఒక జత పెట్టుకో, లేపాక్షిలో మీ పెద్దమ్మ దగ్గర అవి ఉండబట్టే నన్ను చూసి నవ్వింది. కారులో వెళ్తే పక్క అద్దాన్ని నమ్ముకోవద్దు, ఆ కిరణాల్లో కొన్ని దాన్ని దాటి వస్తాయి, కిటికీ వైపు కూర్చున్నవాళ్లు చేతులు కప్పుకోవాల్సిందే.

ఇంత చెప్పినా పది నుంచి నాలుగు దాకా ఏ బట్టా నిన్ను పూర్తిగా కాపాడదు. నీ నీడ నీకంటే పొట్టిగా ఉందంటే నీడ పట్టున ఉండాల్సిన వేళ అని గుర్తు. పొద్దున్నే కొండలు ఎక్కేసి, మధ్యాహ్నం కమలాపురం మ్యూజియంలో గడపండి. మజ్జిగ సంగతి మీ అమ్మ చెబుతుందిలే.

ఆ తెల్ల టాపు సాయంత్రం హోటల్లో వేసుకో. మంగళగిరి గుడ్డ నేవీ బ్లూలో ఇంట్లో అయిదు మీటర్లుంది, రెండు చొక్కాలు కుట్టిస్తాను. భుజం నుంచి మణికట్టు దాకా కొలిచి బుధవారం లోపు మెసేజ్ పెట్టు, మన టైలరు పెళ్లి జాకెట్లలో మునిగున్నాడు, ఆలస్యమైతే నా మాట కూడా వినడు.

మీ పెదనాన్న