పాతబస్తీకి ఖాళీ కడుపుతో రండి

ప్రశ్న: మాకు కొత్తగా పెళ్లయింది. వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నాం, ఒక రోజంతా పాతబస్తీకే ఉంచుకున్నాం. నేను మాంసం తింటాను, మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. ఇద్దరం కలిసి తింటూ తిరగడం కుదురుతుందా? మంచి బిర్యానీ ఎక్కడ?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: భేషుగ్గా కుదురుతుంది, బిర్యానీ సంగతి మాత్రం తర్వాత చూద్దాం. చాలామంది మిట్టమధ్యాహ్నం దిగి, బిర్యానీ తిని, చార్మినార్ ముందు సెల్ఫీ దిగి వెళ్లిపోతారు, అక్కడి అసలు రుచులు పొద్దున్నే ఉంటాయని వాళ్లకెవరూ చెప్పరు. శుక్రవారం వద్దు, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం రెండూ ఆ రోజు సెలవు.

ఏడింటికల్లా చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్ దగ్గరుండండి. ఇరానీ చాయ్ తాగండి. టీ డికాక్షన్ ఒక పాత్రలో, చిక్కగా మరిగిన పాలు ఇంకో పాత్రలో ఉంటాయి, కప్పులో అప్పటికప్పుడు కలిపిస్తారు. ఉస్మానియా బిస్కెట్ అందులో ముంచిన వెంటనే నోట్లో వేసుకోవాలి, ఫొటోలంటూ ఆగితే విరిగి అడుక్కి చేరుతుంది. గుడ్డు వేస్తారేమో ఒకమాట అడగండి.

తర్వాత గుల్జార్ హౌజ్ వైపు గోవింద్ దోశ బండి. పెనం మీదే వెన్న, ఉప్మా, కారప్పొడి వేసి గరిటెతో మెదిపి దోశంతా పరుస్తారు. పెసరట్టు ఉప్మా తిని పెరిగిన మీకు ఇదేం వింత కాదు గానీ, ఆ వెన్న మోతాదు చూస్తే కాస్త టెన్షన్ పుడుతుంది. ముందు ఆమెకు కడుపునిండా ఇది పెట్టించండి, ఆ తర్వాతే నయాపూల్ దగ్గర నయాబ్ హోటల్‌లో మీ నహారీ, కుల్చా రొట్టె. నహారీ అంటే మేక కాళ్లు, నాలుక గంటలకొద్దీ ఉడికించిన పులుసు, ఆలస్యమైతే అయిపోతుంది.

పురానీ హవేలీ ప్రాంతంలో 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం చూడండి. భట్టీ గోడకు అంటించిన నాన్‌లను ఇనుప చువ్వలతో లాగి తీస్తారు, వేడి మీద కూరే అక్కర్లేదు. పురానీ హవేలీలోనే నిజాం మ్యూజియంలో ఆరో నిజాం బట్టల బీరువా ఉంది, బీరువా అంటే మన గదిలోది కాదు, ఒక హాలంత పొడవు.

ఇక బిర్యానీ. మదీనా కూడలి దగ్గర షాదాబ్ హోటల్‌కు వెళ్లండి. శాకాహారం కూడా దొరుకుతుంది గానీ వంటిల్లు ఒక్కటే, ఆమెకు ఇబ్బందని మొహంలో కనిపిస్తే మొహమాటపెట్టకండి, ఇంకో రోజు మీరొక్కరే వెళ్లి తినండి.

సాయంత్రం మాత్రం ఇద్దరికీ ఒకే ప్లేటు: మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల ఐస్‌క్రీమ్. సీతాఫలాల కాలమైతే ఇంకేదీ అడగకండి.