డిశ్చార్జి బుక్కులో నీ పేరు

అమ్మలూ,

నీకు బీటెక్ సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ఫీజు కోసం పాడిగేదెను అమ్మేశారని కూడా చెప్పింది. మీ నాన్న మాత్రం ఆ ముక్క నాతో అనలేదు. నేనే అడిగితే, "పనిచేశాం, జీతం తీసుకున్నాం, పెన్షన్ వస్తోంది. ఇంకా చెయ్యి చాపడం ఏంటన్నయ్యా" అన్నాడు. సైన్యంలో, ఆ ఆర్టిలరీలో (ఫిరంగి దళంలో) ఉన్నన్నాళ్లూ రేషన్‌కి సంతకం పెట్టి తీసుకున్నాం కదా, అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకురా అన్నాను. ఇంక మాట్లాడలేదు. అందుకే నీకే రాస్తున్నాను.

మాజీ సైనికుల పిల్లలకి ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ అని ఒకటుంది. 2006-07 నుంచి ఇస్తున్నారు. ఇచ్చేది ఢిల్లీలోని కేంద్రీయ సైనిక బోర్డు. ఆడపిల్లలకి నెలకి 3,000, మగపిల్లలకి 2,500. నెలనెలా వేయరు, ఏడాదికోసారి నీ అకౌంట్లో పడుతుంది. అంటే నీకు ఏటా 36,000. నాలుగేళ్లకి ఎంతో లెక్క వేసుకో, గేదె ఖరీదు దాటిపోతుంది. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి. నీకు వెయ్యికి 870 వచ్చాయి కాబట్టి ఆ బెంగ లేదు.

అయితే దేశం మొత్తానికి ఏడాదికి 5,500 మందికే ఇస్తారు, అందులో సగం ఆడపిల్లలకి. యుద్ధంలో పోయినవాళ్ల పిల్లలు, గాయపడినవాళ్ల పిల్లలు ముందు వరసలో ఉంటారు. అది న్యాయమే. మీ నాన్నలా సర్వీసు ముగించుకుని వచ్చినవాళ్ల పిల్లలది చివరి వరస. అక్కడ మార్కులే చూస్తారు. వస్తుందని గ్యారంటీ ఇవ్వలేను. కానీ కొత్తగా పెట్టుకునేవాళ్లు మొదటి ఏడాదిలోనే పెట్టుకోవాలి. వచ్చే ఏడాది చూద్దాంలే అంటే నీకు ఆ తలుపు మూసుకుపోయినట్టే.

ఇక అసలు సంగతి. ఫారం నింపడం గంట పని. దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీ నాన్న ట్రంకుపెట్టె తెరిచి, సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కు తియ్యి. మొన్న వరదల్లో తడవలేదు కదా? అందులో కుటుంబం వివరాల పేజీలో నీ పేరు ఎలా ఉందో అక్షరం అక్షరం చదువు. తర్వాత నీ టెన్త్ మార్కుల లిస్టు పక్కన పెట్టుకో, ఆధార్ కూడా.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను యూనిట్‌లో క్లర్కుగా పనిచేశాను. మన గోదావరోళ్ల పేర్లు చూసి ఉత్తరాది క్లర్కులు తల పట్టుకునేవాళ్లు. ఇంటిపేరు ముందా వెనకా? నాగ వెంకట సత్య సూర్య అని నాలుగు పేర్లు ఉంటే ఏది రాయాలి, ఏది వదలాలి? ఫారంలో గడి చిన్నది, పేరు పెద్దది. పట్టినంత వరకు రాసి మిగతాది వదిలేసేవాళ్లు. నువ్వు పుట్టినప్పుడు మీ నాన్న సరిహద్దులో ఉన్నాడు. ఇంటినుంచి వచ్చిన ఉత్తరంలో నిన్ను ముద్దుపేరుతో రాసి ఉంటే, అదే రికార్డుల్లోకి ఎక్కి ఉంటుంది. నవ్వకు, అలాంటివి నా చేతుల మీదుగానే చాలా వెళ్లాయి.

పేరు తేడాగా ఉంటే కంగారుపడకు, ఊరుకోకు కూడా. నోటరీ అఫిడవిట్, నీ జనన ధ్రువీకరణ పత్రం, టెన్త్ సర్టిఫికెట్, ఆధార్ జతచేసి, మీ నాన్న సంతకంతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా నాసిక్ రోడ్‌లోని ఆర్టిలరీ రికార్డ్స్‌కి పంపాలి. అక్కడినుంచి జవాబు వారంలో రాదు. అందుకే ముందు ఆ పేజీ చూడమంటున్నాను. పెన్షన్ ఇప్పుడు స్పర్శ్ అనే రక్షణ శాఖ పెన్షన్ల పోర్టల్‌లో ఉంది కదా, అందులో కూడా మీ ముగ్గురి పేర్లూ, పుట్టినతేదీలూ సరిగా ఉన్నాయో లేదో చూడు. పాస్‌వర్డ్ మీ నాన్న క్యాలెండర్ వెనకాల రాసుకున్నాడు, నాకు తెలుసు.

పేరు సరిపోయిందా, మిగతావి తేలిక. కేంద్రీయ సైనిక బోర్డు వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. మాజీ సైనికుడని జిల్లా సైనిక సంక్షేమాధికారి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. అక్కడ చదువుతున్నావని కాలేజీ నుంచి బోనఫైడ్ కావాలి. అది కాలేజీ తన లెటర్‌హెడ్ మీద ఇచ్చే మామూలు బోనఫైడ్ కాదు, బోర్డువాళ్ల నమూనాలోనే నింపి ప్రిన్సిపాల్ సంతకం, స్టాంపు వేయాలి. అకౌంట్ నీ పేరు మీద ఉండాలి, ఆధార్ జత అయి ఉండాలి. స్కాన్ చేసేటప్పుడు ఒరిజినల్ కాగితాలే రంగుల్లో చెయ్యి. జిరాక్స్‌ని మళ్లీ స్కాన్ చేస్తే అక్షరాలు అలుక్కుపోతాయి, వెనక్కి తిప్పి పంపుతారు. వేరే స్కాలర్‌షిప్ ఏదైనా తీసుకుంటున్నావా అని అడుగుతారు. ఉంటే ఉందనే రాయి. దాచి తర్వాత దొరికిపోతే మీ నాన్న సర్వీసుకే మచ్చ.

ఇంకొక మాట, ఇది నా సొంత దెబ్బ. మా పెద్దాడికి అప్లై చేసినప్పుడు మా సెంటర్లోని నెట్ షాపు కుర్రాడి చేత చేయించాను. ఈమెయిలు లేదంటే వాడే ఏదో ఒకటి పెట్టేశాడు. కాగితంలో చిన్న లోపం ఉందని, సరిచేసి పంపమని వచ్చిన సందేశం ఆ మెయిల్‌కి వెళ్లింది. వాడు చూడలేదు, నాకు తెలియలేదు. నాలుగు నెలల తర్వాత నేనే అడిగితే గడువు దాటిపోయిందన్నారు. వాణ్ణి తిట్టి లాభం లేదు, ముప్పై రూపాయలు తీసుకుని పని చేశాడు. యూనిట్‌లో వేలమంది కాగితాలు చూసినవాణ్ణి, నా కొడుకు కాగితం నేను చూసుకోలేదు. నువ్వు మాత్రం నీ ఫోన్ నంబరు, నీ మెయిలే ఇవ్వు. వారానికోసారి లాగిన్ అయి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకో. నంబరు మార్చకు.

వచ్చాక కూడా ఏటా రెన్యువల్ ఉంటుంది, 50 శాతం తగ్గకూడదు. కాలేజీలో గ్రేడు పాయింట్లు ఇస్తారు కాబట్టి శాతంలోకి మార్చిన కాగితం అక్కడే రాయించుకో.

తమ్ముడి సంగతి. వాడు ఎనిమిదో తరగతి కదా. వాడికి రక్షామంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి చదువు గ్రాంటు ఉంది. హవల్దార్, అంతకన్నా కింది ర్యాంకువాళ్ల పిల్లలకి, ఇద్దరి వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా. ఇదివరకు నెలకి వెయ్యి ఉండేది, 2025 నవంబరు 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకి 2,000 చేశారు. మీ నాన్న హవల్దార్‌గానే దిగాడు కాబట్టి సరిపోతుంది. ఈ డబ్బు ఎక్కడిదో నాన్నకి చెప్పు. డిసెంబరు 7న జెండా దినోత్సవం అని జనం వేసే చందాల నిధిలోంచి వచ్చేది. అప్పట్లో తనూ జీతంలోంచి ఇచ్చే ఉంటాడు.

ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్‌లో సైనికుల పిల్లల కోటా 2 శాతం ఉంటుంది, క్యాప్ అంటారు. నీ దరఖాస్తులో అది టిక్ పెట్టలేదని మీ అమ్మ చెబితే మనసు చివుక్కుమంది. ఎవరూ చెప్పలేదు మరి. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలో అయితే తాతల కాలం నుంచి ఇంటికొక సైనికుడు, పిల్లలకి ఈ కాగితాలన్నీ కంఠతా వచ్చు. మన లంకల్లో ఊరికి ఒకరో ఇద్దరో. తమ్ముడి వంతు వచ్చేసరికి నువ్వే గుర్తుపెట్టుకో. పక్కింటి మావయ్య పిల్లలు కూడా అడుగుతారేమో, ఆయన సీఆర్‌పీఎఫ్. వాళ్ల స్కాలర్‌షిప్ హోంశాఖ ద్వారా వేరేగా ఉంటుంది, ఈ బోర్డుకి పంపితే తిరిగొస్తుంది.

జిల్లాలు విడిపోయాక మీ ఊరు ఏ ఆఫీసు కిందికి వస్తుందో ముందు ఫోన్ చేసి కనుక్కో. కాకినాడ అంటే, సోమవారం ముమ్మిడివరం మీదుగా వెళ్లే మొదటి బస్సు ఎక్కండి. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా, ఆఫీసు తెరిచే వేళకి చేరతారు. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఆర్డరు, ఎక్స్ సర్వీస్‌మన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి నీ బ్యాగులోనే ఉంచుకో, మీ నాన్న చేతికివ్వకు. సంతకం ఆయనదే కావాలి కాబట్టి వెంట తీసుకెళ్లు. కళ్లజోడు మరిచిపోనివ్వకు.

రానంటే మాత్రం వెంటనే నాకు ఫోన్ కలిపి ఆయన చేతికియ్యి. మిగతాది నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న